మా స్కూల్ చుట్టూ వంద గజాలు - నా అనుభవం

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఇంటర్వెల్ అయ్యాక తొమ్మిదో తరగతిలోకి వెళ్తే వెనక బెంచీల దగ్గర చూయింగ్ గమ్ వాసన గుప్పున కొట్టేది, పుదీనా నమిలితే సిగరెట్ వాసన పోతుందా చెప్పండి. గట్టిగా అడిగితే బాత్రూముల వెనక గోడ దూకి వెళ్తున్నారట, ముగ్గురు డబ్బులేసుకుని ఒకటి కొనడం, తలో రెండు దమ్ములు లాగడం. ప్యాకెట్ కొనే స్తోమత ఈళ్ళకెక్కడిది, అంతా లూజు సిగరెట్ మహిమ. పైగా కొట్టు గుంజకి తాడు కట్టి లైటర్ వేలాడదీసుంటాడు, అగ్గిపెట్టె ఖర్చు కూడా లేదు.

స్టాఫ్ రూమ్‌లో సగం మంది టీసీలిచ్చి పంపేద్దాం అన్నారు. 2019 గ్లోబల్ యూత్ టొబాకో సర్వే ప్రకారం మన దేశంలో 13-15 ఏళ్ళ స్కూలు పిల్లల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రకం పొగాకు వాడుతున్నారు, అంటే యాభై మంది క్లాసులో నలుగురు, ఎంతమందికని టీసీలు రాస్తాం? ముందు కొట్టు సంగతి చూద్దామని నేను పట్టుబట్టా.

2003 కోట్పా చట్టం (పొగాకు అమ్మకాలు, వాడకాన్ని కట్టడి చేసే కేంద్ర చట్టం) సెక్షన్ 6 ప్రకారం 18 ఏళ్ళలోపు వాళ్ళకి పొగాకు అమ్మకూడదు, స్కూలుకి వంద గజాల లోపల అసలెవరికీ అమ్మకూడదు. వెళ్ళి చెప్తే కొట్టాయన "మీ గేటు కాడ్నుంచి కొలుసుకోండి మాస్టారూ, నా కొట్టు అవతలే ఉంటాది" అన్నాడు. కానీ రూల్లో ఉన్నది గేటు కాదు, కాంపౌండ్ గోడ బయటి అంచు నుంచి చుట్టూరా తిన్నగా కొలవాలి. పీఈటీ మాస్టారి లాంగ్ జంప్ టేపు పట్టుకుని వెనక గోడ నుంచి కొలిచాం, వంద గజాలంటే 91 మీటర్లు, అక్కడ సగం కూడా లేదు! పోలీసోళ్ళు వచ్చి ఫైన్ వేశారు గానీ చట్టంలో ఉన్నదే మహా అయితే 200 రూపాయలు, అది ఒక పూట బేరంలో వచ్చేస్తుంది, మర్నాడు మామూలే.

అప్పుడు జువెనైల్ జస్టిస్ చట్టం (2015) సెక్షన్ 77 ప్రింట్ తీసి చదివి వినిపించా. పిల్లలకి పొగాకు ఇస్తే ఏడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. దెబ్బకి గొంతు మారింది, "ఆళ్ళ బాబుకి అంటే ఇత్తన్నాను మాస్టారూ, నాకేటి తెల్సు" అన్నాడు. అబద్ధమేం కాదది.

అందుకే పేరెంట్స్ మీటింగ్ పెట్టాం, నిజానికి అసలు పని జరిగింది అక్కడే. ఎవరి పేరూ ఎత్తకుండా ఒక్కటే అడిగా, సిగరెట్లకి పిల్లల్ని పంపేవాళ్ళు ఎంతమంది అని. తండ్రులందరూ నేల చూపులు. ఒక ముసలమ్మ మాత్రం రొండిన దోపుకున్న చుట్ట తీసి చూపించి "నాకు మనవడే తెత్తాడు బాబూ, వెలిగించి మరీ ఇత్తాడు" అంది. మా వైపు ఆడవాళ్ళు నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు, నోటి కేన్సర్ భయం ఎంత చెప్పినా మానరు. ఎవరికోసమైనా సరే, పిల్లాడి చేతికి అమ్మడమే నేరం అని అక్కడే అందరికీ వినపడేలా చెప్పా.

ఒక కుర్రాడికి మాత్రం అలవాటు బాగా ముదిరింది, పొద్దున్నే లేకపోతే చిరాకు, తలనొప్పి. వాళ్ళమ్మని పక్కన కూర్చోబెట్టి సిగరెట్ పెట్టె మీదుండే 1800-11-2356 క్విట్‌లైన్‌కి (పొగాకు మానడానికి సాయం చేసే నంబరు) ఫోన్ చేయించా, ఫ్రీ నంబరే. మధ్యలో రెండోసారి మొదలెట్టాడు, మళ్ళీ ఆపాడు, ఇంకా చూస్తున్నాం.

పంచాయతీ వాళ్ళు పెయింట్ ఇస్తే రోడ్డు మీద పసుపు గీత గీసి బోర్డు పెట్టాం, కొట్టు గీత అవతలకి జరిగింది. స్కూల్లో పొగ తాగకూడదన్నది స్టాఫ్‌కి కూడా వర్తిస్తుంది కదా, ట్యాంకు వెనక కాల్చే మా సారొకాయన ఇప్పుడు గీత దాకా నడిచి వెళ్ళి కాల్చి వస్తున్నాడు, ఈ ఎండలకి ఆ నడక పడలేక సగానికి తగ్గించేశానని నా మీద విసుక్కుంటాడు.