విల్లుతో అడవి పంది వేట: బాణం తగిలాకే అసలు పని

ఇప్పటికి నా పరిస్థితి ఇదీ. 20 గజాల దూరంలో అరచేయి పట్టేంత గుండ్రంలో బాణాలన్నీ పడుతున్నాయి. 30కి జరిగితే ఒకటో రెండో అంచు దాటుతున్నాయి. కాబట్టి పంది విషయంలో నా హద్దు 20 దగ్గరే. జింక మీద ధైర్యంగా దూరం నుంచి వేసేవాళ్లు కూడా పంది దగ్గరికొచ్చేసరికి ఎందుకు తగ్గుతారో ఈ సీజన్‌లో బాగా అర్థమైంది.

తుపాకీ గుండు తగిలితే జంతువు ఉన్నచోటే కూలబడొచ్చు. బాణం అలా పడగొట్టదు. అది కోసుకుంటూ పోతుంది, నెత్తురు పోయి జంతువు చావాలి. రెండు ఊపిరితిత్తులూ తెగినా పంది పది సెకన్ల పైనే పరుగెత్తగలదు. దాని పరుగు గంటకు 40 కిలోమీటర్ల దాకా ఉంటుంది, అంటే ఆ కాసేపట్లోనే నూరు గజాలు దాటేసి ఏ ముళ్లపొదలోనో దూరిపోతుంది. దాన్ని వెతుక్కుంటూ అక్కడికి పోవాల్సింది మనమే. టెన్షన్ అంతా అక్కడే మొదలవుతుంది.

సామాను సంగతి త్వరగా చెప్పేస్తాను. కాంపౌండ్ విల్లు, అంటే కొనల్లో కప్పీలున్నది. లాగుడు బరువు, అంటే తాడు లాగడానికి పట్టే బలం, 60 పౌండ్లు. కూర్చున్నచోటి నుంచి, విల్లు పైకెత్తి ఊగకుండా, మెల్లగా లాగగలిగినంత బరువే పెట్టుకోవాలి. లాగలేక గింజుకుంటుంటే పంది చూడకపోయినా వింటుంది. బాణం ములికితో కలిపి 500 గ్రెయిన్లకు అటూ ఇటూ, అంటే 32 గ్రాములు. తేలిక బాణం వేగంగా పోతుంది, టార్గెట్ మీద ముచ్చటగా కనిపిస్తుంది, కానీ ఎముక తగిలితే ఆగిపోతుంది. ములికి కదలని రెండు రెక్కలది. తగిలాక విచ్చుకునే రకం ఉంది గానీ, విచ్చుకోవడానికే అది కొంత శక్తి తినేస్తుంది. పంది భుజం దగ్గర ఆ ఖర్చు పెట్టడం నాకిష్టం లేదు.

ఎందుకంటే మగపందికి కవచం ఉంటుంది. భుజాల మీదుగా పక్కటెముకల దాకా చర్మం కింద గట్టి పొర, వయసు పెరిగేకొద్దీ మందమవుతుంది. మగపందులు కోరలతో పొడుచుకునేటప్పుడు వాటిని కాపాడేది అదే. తోటి వేటగాడు కొట్టిన ఒక పెద్ద మగపందిని కోస్తున్నప్పుడు దగ్గర కూర్చుని చూశాను. పొర తెల్లగా, బొటనవేలి మందాన ఉంది. కత్తి మొన పెట్టి నొక్కితే పాత టైరు మీద నొక్కినట్టే ఉంది. దాని నిండా ఎప్పటివో కోరగాట్ల మచ్చలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. ఆ రోజు నుంచి ములుకుల పదును నేనే చూసుకుంటున్నాను. కాగితం అంచు మీద పెడితే చిరగకుండా తెగాలి, లేదంటే అంబులపొదిలోకి ఎక్కదు.

ఇక గురి. పంది గుండె, ఊపిరితిత్తులు జింకలో కంటే ముందుకీ కిందికీ ఉంటాయి. జింకకి పెట్టినట్టు భుజం వెనక, ఒంటి మధ్యన పెడితే కాలేయమో పేగులో తెగుతాయి. అప్పుడది చావదు, బతకదు, కోపంతో పొదలో ఉంటుంది. పైగా మూపు మీది జూలు వల్ల ఒళ్లు ఉన్నదానికంటే ఎత్తుగా కనిపించి గురి పైకి లాగేస్తుంది. నేను ముందు కాలు వెంబడి చూపు పైకి పోనిచ్చి, ఒంటి ఎత్తులో కింది మూడో వంతు దగ్గర ఆపుతున్నాను. పంది మనకి కాస్త వెనక్కి తిరిగి, అవతలికి పోతున్న కోణంలో ఉంటే ఇంకా మంచిది. బాణం కవచం వెనక నుంచి దూరి అవతలి భుజం వైపు పోతుంది. మొహం మన వైపు పెడితే మాత్రం ఎంత దగ్గరున్నా లేదు. ఒక భారీ మగపంది 15 గజాల్లో నా వైపే మొహం పెట్టి చాలాసేపు వేళ్లు పెకలించుకుంటూ నిలబడింది. నేను విల్లు లాగనే లేదు. అది దాని దారిన పోయింది.

ప్రాక్టీస్ కూడా దీనికి తగ్గట్టే మార్చాను. గురి చుక్కలు లేని పంది ఆకారపు టార్గెట్, కూర్చుని ఒకసారి, మంచె ఎత్తు నుంచి ఒకసారి. మైదానంలో నిలబడి గుండ్రంలో కొట్టిన బాణాలు లెక్కలోకి తీసుకోవడం మానేశాను.

బాణం తగిలాక మొదటి పని ఏమీ చేయకపోవడం. పంది ఎటు పోయిందో, చివరిసారి ఏ చెట్టు దగ్గర కనిపించిందో గుర్తు పెట్టుకుని, చప్పుడు వింటూ ఉండాలి. తర్వాత దిగి బాణం చూడాలి. నెత్తురులో గులాబీ రంగు నురగ ఉంటే ఊపిరితిత్తులు, అరగంట ఆగితే చాలు. ముదురు ఎరుపైతే కాలేయం, నాలుగు గంటలైనా ఆగాలి. పేడ కంపు కొడితే పేగులు, అంతకంటే ఎక్కువసేపు ఆగాలి. ఆత్రంగా పోతే పడుకున్న పందిని లేపినట్టే. నెత్తుటి జాడ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు. కొవ్వు, దట్టమైన వెంట్రుకలు గాయాన్ని మూసేసి నెత్తురు లోపలే నిండిపోతుంది. బాణం ఇటు నుంచి అటు దూసుకుపోయి కిందివైపు రెండో గాయం పడితే జాడ బాగా దొరుకుతుంది. మంచె మీది నుంచి కొట్టడంలో లాభం అదే.

వెతకడానికి ఒంటరిగా పోను. ఒకరు నేల చూస్తే ఇంకొకరు ముందుకే చూడాలి. చట్టం ఒప్పుకున్న చోట రెండో మనిషి దగ్గర తుపాకీ ఉండడం మేలు. విల్లు లాగడానికి చోటు కావాలి, టైమ్ కావాలి. నాలుగు అడుగుల ముళ్ల గుహలో రెండూ ఉండవు. అందుకే పాకుతూ దూరాల్సిన పొదలోకి దూరేది లేదు. ఒకసారి తోటివాడి పందిని అలాగే చుట్టు తిరిగి వెనక వైపు నుంచి కనుక్కున్నాం. మొహం మేము మామూలుగా రావాల్సిన దారి వైపే పెట్టి పడుకుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. రాయి విసిరి, కాసేపు ఆగి, పొడవాటి కర్రతో వెనక నుంచి కనుగుడ్డు తాకి, రెప్ప కదలలేదని చూశాకే దగ్గరికి వెళ్లాం.

పంది తల దించి పైకి విసురుతుంది. కింది కోర పై కోరతో రాసుకుంటూ ఎప్పుడూ పదునుగానే ఉంటుంది, సరిగ్గా తొడ ఎత్తులో తగులుతుంది. అక్కడ పెద్ద ధమని తెగితే నిమిషాల వ్యవహారం. టూర్నికే, అంటే నెత్తురు ఆపడానికి బిగించే పట్టీ, బ్యాగు అడుగున కాదు, బెల్టుకే ఉండాలి. ఒంటి చేత్తో, కళ్లు మూసుకుని కట్టుకోవడం అలవాటు చేస్తున్నాను. ఎడమ చేత్తో ఇంకా తడబడుతున్నాను.

నిజానికి పంది కంటే మంచె ఎక్కువమందిని దెబ్బతీస్తుంది. నేల మీద ఉన్నప్పుడే హార్నెస్ (పడిపోకుండా ఒంటికి కట్టుకునే పట్టీలు) తగిలించుకుని, దిగేదాకా విప్పకూడదు. ములుకులు కప్పి, విల్లుని తాడుతో పైకి లాక్కోవాలి. ఇక కోసేటప్పుడు గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. బ్రూసెల్లోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు పంది నెత్తురు ద్వారా, చిన్న గాటు ద్వారా కూడా మనిషికి అంటుతుంది. మాంసం లోపల 71 డిగ్రీల సెల్సియస్ దాకా ఉడకాలి. ఫ్రీజర్‌లో పెట్టాం కదా అని నమ్ముకోవద్దు, చలికి చావని పురుగు రకాలున్నాయి.

ఇక ముందు పెట్టుకున్న కొత్త రూలు ఒకటి: చీకటి పడడానికి గంటన్నర ముందే బాణాలు సర్దేయడం. అరగంట ఆగాలి, ఆపై వెతకాలి, ఇదంతా వెలుతురులోనే అయిపోవాలి. పందులు సరిగ్గా పొద్దుగూకాకే బయటికొస్తాయి కాబట్టి దీనివల్ల సగం అవకాశాలు పోతున్నాయి. వాచీలో అలారం పెట్టాను, అది మోగితే దిగిపోతున్నాను. పొద్దున పూట మాత్రం ఎక్కువసేపు కూర్చుంటున్నాను.