ఫతే మైదాన్‌లో ఒక పొద్దున

గుంటూరులో మా పక్కింటి టీవీ ముందు కూర్చుని, కరెంటు ఎక్కడ పోతుందోనని టెన్షన్ పడుతూ చూసిన మ్యాచ్ అది. 1999 నవంబర్ 8, హైదరాబాద్‌లో న్యూజిలాండ్‌తో వన్డే. గంగూలీ మొదట్లోనే రనౌటయ్యాడు. ఆ తర్వాత సచిన్, ద్రావిడ్ కలిసి 331 పరుగులు కొట్టారు. సచిన్ 186 నాటౌట్, ద్రావిడ్ 153. ఆ గ్రౌండ్‌ని కళ్లారా చూడాలన్న కోరిక మొన్న చలికాలంలో తీరింది.

మావయ్య కూడా వచ్చారు. అసెంబ్లీ మెట్రో స్టేషన్‌లో దిగి నడిచాం. నేను ఎల్బీ స్టేడియం అంటుంటే ఆయన మాత్రం ఫతే మైదాన్ అనే అన్నారు. 1687లో గోల్కొండను ముట్టడించినప్పుడు ఔరంగజేబు సైన్యం దిగింది ఇక్కడేనని చెబుతారు. కోట చేజిక్కాక ఇది గెలుపు మైదానమైంది. లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టింది 1967లో.

గోడ వెంట స్పోర్ట్స్ షాపులు. ఒక షాపు ముందు కుర్రాడు కొత్త బ్యాట్ ఒళ్లో పెట్టుకుని, పాత బంతితో అంచుల మీద టక్ టక్‌మని కొడుతున్నాడు. మావయ్య అక్కడే ఆగిపోయారు. అయిదు నిమిషాల దాకా కదల్లేదు.

లోపల గ్యాలరీ మెట్లెక్కి కూర్చున్నాం. ఒక పక్క పెవిలియన్ ఎండ్, ఎదురుగా హిల్ ఫోర్ట్ ఎండ్. నౌబత్ పహాడ్ మీద, నిజాం ప్రభుత్వంలో పనిచేసిన నిజామత్ జంగ్ కట్టించుకున్న హిల్ ఫోర్ట్ ప్యాలెస్ పేరే ఆ ఎండ్‌కి వచ్చింది. బౌలర్ ఏ వైపు నుంచి వేస్తున్నాడో చెప్పడానికి ఒక కొండ మీది కోట పేరు పలకడం నాకెంత నచ్చిందో!

ఇక్కడ జరిగిన టెస్టులు మూడే. 1955, 1969, 1988. మూడింట్లోనూ ప్రత్యర్థి న్యూజిలాండే. 1955లో ఆంధ్రప్రదేశ్ ఇంకా ఏర్పడలేదు, ఇది హైదరాబాద్ రాష్ట్రం. భారత్, న్యూజిలాండ్ ఆడిన మొట్టమొదటి టెస్టు అదే. పాలీ ఉమ్రిగర్ 223 కొట్టాడు. మన దేశం తరఫున టెస్టుల్లో తొలి డబుల్ సెంచరీ పుట్టింది ఈ నేల మీద! ఆ మాట చెప్పే బోర్డు కోసం గేటు దగ్గర వెతికాను, నా కంటికి కనపడలేదు. మనసు చివుక్కుమంది.

1988 టెస్టు మావయ్య ఈ గ్యాలరీలోనే కూర్చుని చూశారు. పది వికెట్ల తేడాతో గెలిచాం. ఆ జట్టులోని అజహర్, స్పిన్నర్ అర్షద్ అయూబ్ ఇద్దరూ ఈ ఊరివాళ్లే.

"అయూబ్ బంతి అందుకుంటే చాలురా, పక్కన కూర్చున్నవాళ్లంతా తమ ఇంటి పిల్లాడే దిగినట్టు లేచి నిలబడేవాళ్లు," అన్నారు.

ఇప్పుడు అంతర్జాతీయ మ్యాచ్‌లు ఉప్పల్లో. ఇక్కడ పెద్ద పెద్ద సభలూ, ముఖ్యమంత్రుల ప్రమాణ స్వీకారాలూ జరుగుతున్నాయి. అయినా ఆ పొద్దున నెట్స్‌లో పదేళ్ల పిల్లలు వరసగా బౌలింగ్ వేస్తున్నారు. ఒక ఎడమచేతి వాటం పిల్లాడి బంతి గిర్రున తిరిగింది.

"చూశావా, ఎలా తిప్పాడో!" అంటూ మావయ్య ముందు మెట్టు మీదికి జరిగారు.

మా బస్సు టైం దాటిపోయింది. ఆయనని లేపబుద్ధి కాలేదు.