డబుల్ బెడ్‌రూం ఇంట్లో కిరాయికి ఉంటున్నవారి మాటేమిటి?

లబ్ధిదారులు తాము ఉండకుండా కిరాయికిచ్చిన డబుల్ బెడ్‌రూం ఇళ్ల కేటాయింపును రద్దు చేస్తామని అధికారులు హెచ్చరించినప్పుడు ఆ మాటను ఎవరూ తప్పుపట్టరు, నేనూ తప్పుపట్టను. అర్హులైన పేదలు ఇంకా గుడిసెల్లోనే ఉండగా, ఉచితంగా వచ్చిన ఇంటి మీద నెలనెలా కిరాయి వసూలు చేసుకోవడం అన్యాయమే. అయితే తనిఖీ రోజున తలుపు తీసేది లబ్ధిదారు కాదు. అడ్వాన్సు కట్టి, పిల్లలను దగ్గరి బడిలో చేర్పించి, ఆ ఇంట్లో కాపురముంటున్న మరో పేద కుటుంబం. శిక్ష లబ్ధిదారుకు వేశామంటారు గానీ, సామాను రోడ్డు మీదికి వచ్చేది ఈ కుటుంబానిదే.

తెలంగాణలో 2015లో మొదలైన ఈ డబుల్ బెడ్‌రూం పథకం పేదలకు 560 చదరపు అడుగుల ఇంటిని పైసా ఖర్చు లేకుండా, సాధారణంగా ఇంటి ఇల్లాలి పేరిట ఇచ్చింది. ఆ ఇల్లు వారసులకు చెందుతుందే తప్ప దాన్ని అమ్ముకోకూడదు, కిరాయికి ఇవ్వకూడదు. ఇంగ్లండులో స్థానిక కౌన్సిళ్లు పేదల ఇళ్లను తమ సొంతంగానే ఉంచుకొని కిరాయికి ఇస్తాయి. అక్కడ కౌన్సిల్ ఇంటిని అక్రమంగా మరొకరికి కిరాయికివ్వడం 2013 చట్టంతో నేరమైంది గానీ, శాశ్వత కిరాయి హక్కు ఉన్నవారిని ఖాళీ చేయించాలంటే కౌన్సిల్ కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవలసిందే. మన పథకం ఇంటినే ఇచ్చేసింది కాబట్టి అందులో కిరాయిదారు అనే మనిషి ఉంటాడని కాగితాల మీద ఎక్కడా ఊహించలేదు.

కానీ ఆ మనిషి ఉండక తప్పని పరిస్థితి వరంగల్‌లో కనిపిస్తూనే ఉంది. నగరం నడిబొడ్డున గుడిసెలో ఉంటూ నాలుగిళ్లలో పనిచేసుకునే ఆమెకు దూపకుంట వంటి అంచు ప్రాంతంలో ఇల్లు వస్తే, రోజూ ఆటో ఖర్చు భరించలేక ఆమె పాత చోటికే పోతుంది. ములుగు వైపు నుంచి పనికోసం వచ్చిన కుటుంబానికేమో ఏ జాబితాలోనూ పేరు ఉండదు, తక్కువ కిరాయికి పక్కా ఇల్లు దొరికితే చాలు. ఇద్దరూ పేదలే. కాలనీ ఎక్కడ కట్టాలో నిర్ణయించినవారిని మాత్రం ఏ తనిఖీ బృందమూ ప్రశ్నించదు.

చట్టం ఈ కిరాయిదారు పక్షాన గట్టిగా నిలబడదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ప్రభుత్వ భవనాలకు వర్తించదు. లబ్ధిదారుతో చేసుకున్న ఒప్పందమేమో కేటాయింపు షరతులకే విరుద్ధం. పేదలకు అసైన్ చేసిన ఇంటి స్థలాల బదిలీని నిషేధించే 1977 చట్టం ఉల్లంఘన జరిగితే ఆస్తిని ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చని చెబుతుంది. అంత మాత్రాన ఉదయం వచ్చి సాయంత్రానికి తాళం వేయవచ్చని కాదు. ప్రభుత్వ భూమిని ఆక్రమించినవారికి సైతం ముందుగా నోటీసు ఇవ్వాలని 1905 నాటి భూ ఆక్రమణల చట్టంలోని 7వ సెక్షన్ చెబుతుంది. ఆక్రమణదారుకు దక్కే ఆ మర్యాద, నెలనెలా కిరాయి కట్టిన కుటుంబానికి దక్కకూడదా? కేటాయింపు రద్దు నోటీసు లబ్ధిదారు పేరిట ఒక్కటే కాకుండా ఇంట్లో ఉంటున్నవారి పేరిట కూడా ఇవ్వాలని, వారికి మరోచోటు వెతుక్కునేంత గడువు ఇవ్వాలని, వారు అర్హులైతే దరఖాస్తు తీసుకున్నాకే తాళం వేయాలని నా అభిప్రాయం.

లబ్ధిదారే భయపడి కిరాయిదారును బలవంతంగా బయటికి పంపిన సందర్భం వేరు. చట్టబద్ధంగా కాకుండా ఖాళీ చేయించినవారిపై 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద 6 నెలల లోపు దావా వేయవచ్చు. ప్రభుత్వం మీద మాత్రం ఈ సెక్షన్ కింద దావా వేయడం కుదరదు. ఫోన్‌పేలో కిరాయి పంపిన వివరాలు, ఆ చిరునామాతో ఉన్న బడి కాగితాలు, గ్యాస్ రసీదులు ఇలాంటప్పుడు పనికొస్తాయి. నగదు ఇచ్చి ఊరుకున్నవారికి చూపించడానికి ఏమీ మిగలదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఏర్పాటు చేస్తుంది. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇచ్చేవారు దాని నకలు మీద ముద్ర వేయించుకొని దగ్గర ఉంచుకోవాలి, ఎందుకంటే ఆ ఇంట్లో తామున్నామని ప్రభుత్వం దృష్టికి తెచ్చినట్టు వారి దగ్గర ఉండే కాగితం బహుశా అదొక్కటే.