అమ్మతో గుజో హచిమాన్: నా అనుభవం

అమ్మ జపాన్ వస్తోందంటే నాకు పట్టుకున్న మొదటి టెన్షన్ వీసా కాదు, భోజనం. అమ్మకి అరవై ఎనిమిది. పుట్టిందీ పెరిగిందీ గోదావరి ఒడ్డున కొవ్వూరులో, ఇప్పటికీ ఉంటున్నదీ అక్కడే. గుడ్డు కూడా ముట్టదు. నేను ఆరేళ్లుగా నగోయాలో ఉంటున్నాను. కార్ల విడిభాగాల కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని. జపనీస్ మాట్లాడి పని గడుపుకోగలను, చదవడం మాత్రం ఇంకా కూడబలుక్కోవడమే.

వీసా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నేను పంపినవి ఆహ్వాన పత్రం, హామీ పత్రం, వార్డు ఆఫీసు ఇచ్చే జూమిన్‌హ్యో అనే నివాస ధ్రువపత్రం, పన్ను కాగితాలు, అమ్మ ఏ రోజు ఎక్కడుంటుందో చెప్పే పట్టిక. పట్టికలో టోక్యో, క్యోటో నింపాక రెండు రోజుల గడులు ఖాళీగా మిగిలాయి. ఆఫీసులో పక్క సీటాయన్ని అడిగితే, "మీ అమ్మగారిది నది ఒడ్డు ఊరు కదా, గుజో హచిమాన్ తీసుకెళ్లండి, ఆగస్టులో రాత్రిపూట ఊరంతా ఆడుతుంది" అన్నాడు. ఆ పేరు గడిలో కొట్టేశాను. కాగితం మీద రాసిన పాపానికి వెళ్లక తప్పలేదు.

గుజో పేరుకి నగరమే. 2004లో ఏడు ఊళ్లను కలిపి నగరం చేశారు. గిఫు ప్రిఫెక్చర్ నడుమ కొండలు, అడవులు, వాటి మధ్య అక్కడక్కడా ఇళ్లు. పాత కోట ఊరు హచిమాన్ అందులో ఒక భాగం. ఊరి మధ్యలోంచి యోషిదా నది పారి నగరా నదిలో కలుస్తుంది. నగరా 166 కిలోమీటర్ల నది, దాని ప్రధాన ప్రవాహం మీద ఆనకట్ట లేదు. 1995 నుంచి సముద్రం దగ్గర ఒక బ్యారేజీ మాత్రం పనిచేస్తోంది, దాని మీద గొడవలు చాలా ఏళ్లే నడిచాయి. ధవళేశ్వరం బ్యారేజీ చూస్తూ పెరిగిన అమ్మకి ఇది చెబితే, "అయితే పైన నీళ్లు వాటి ఇష్టానికి పోతాయన్నమాట" అంది.

నగోయా నుంచి బస్సులో వెళ్లొచ్చు. అమ్మకి కొండ దారుల్లో బస్సు పడదని రైలు ఎంచుకున్నాను. మినో ఓతా అనే స్టేషను దాకా జేఆర్ (జపాన్ రైల్వేస్) బండి, అక్కణ్నుంచి నగరాగావా రైల్వే. పాత ప్రభుత్వ రైల్వే వదిలించుకున్న లైను ఇది. 1986 నుంచి స్థానిక ప్రభుత్వాలూ ప్రైవేటువాళ్లూ కలిసి పెట్టిన కంపెనీ నడుపుతోంది. 72 కిలోమీటర్లకు 38 స్టేషన్లు. మినో ప్రాంతాన్ని కొండల అవతలి ఎచిజెన్‌తో కలుపుదామని మొదలుపెట్టారు గానీ, హొకునో అనే చోట ఆగిపోయింది. బండి అంటే ఒకే ఒక్క డీజిల్ పెట్టె. డ్రైవరే కండక్టరు కూడా.

అక్కడే నేను బోల్తా కొట్టాను. నగోయాలో ఆరేళ్లుగా టికెట్ బదులు రైలు కార్డు తాకించి బతుకుతున్నదాన్ని. మినో ఓతాలో జేఆర్ గేటు దగ్గర కార్డు తాకించి బయటపడేసరికి అవతలి బండికి కొద్ది నిమిషాలే ఉంది. అది పోతే మళ్లీ ఎంతసేపు కూర్చోవాలో. అమ్మ చెయ్యి పట్టుకుని పరుగు లాంటి నడక. టికెట్ కొనకుండానే ఎక్కేశాం. తలుపు పక్కన యంత్రంలోంచి అంకె వేసిన చిన్న కాగితం తీసుకోవాలి, దాన్ని సేయిరికెన్ అంటారు. బండి ముందు భాగంలో పైన ఒక బోర్డు ఉంటుంది. మన కాగితం మీది అంకె కింద ఛార్జీ స్టేషను స్టేషనుకీ పెరుగుతూ కనిపిస్తుంది. దిగేటప్పుడు ఆ కాగితం, సరిపడా డబ్బు డ్రైవరు పక్కనున్న పెట్టెలో వెయ్యాలి. కార్డు చెల్లదు. పెట్టె చిల్లర తిరిగివ్వదు. పెట్టెకి ఉన్న మార్పిడి యంత్రం వెయ్యి యెన్ల నోటుకే చిల్లరిస్తుంది. నా పర్సులో ఉన్నవి మూడు పదివేల నోట్లు.

గంటా ఇరవై నిమిషాల ప్రయాణంలో గంటసేపు నాకు నది కనబడనే లేదు. ఆ బోర్డే చూస్తూ కూర్చున్నాను. అమ్మ మాత్రం కిటికీకి అతుక్కుపోయింది. నది ఇటు వచ్చిందంటే అటు చూపించడం, అటు వెళ్లిందంటే ఇటు లాగడం. "ఇందాకట్నుంచీ ఆ అంకెలేంటే, లాటరీ వేశావా?" అంది. విషయం చెప్పాను. అమ్మ ఎదుటి సీట్లో కూర్చున్న పెద్దావిడ వైపు తిరిగి, నా చేతిలోని పదివేల నోటు లాక్కుని, గాల్లో ఊపి, రెండో చేత్తో చిల్లర అన్నట్టు వేళ్లు ఆడించింది. నాకు సిగ్గేసింది. జపాన్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్లని డబ్బు గురించి అడగడమేంటని. ఆవిడ నవ్వి, సంచిలోంచి పర్సు తీసి, వెయ్యి నోట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టి పది ఇచ్చింది. నేను పది సార్లు వంగి దణ్ణాలు పెట్టాను. అమ్మ ఆవిడకి రెండు జంతికలిచ్చింది.

గుజో హచిమాన్ స్టేషను 1929 నాటి చెక్క భవనం. అక్కణ్నుంచి పాత ఊళ్లోకి మెల్లగా నడిస్తే ఇరవై నిమిషాలు. సగం దూరం వెళ్లాక అమ్మ ఆగిపోయింది. "నీళ్ల చప్పుడు" అంది. రోడ్డుకి రెండు పక్కలా సన్నటి కాలవలు. మురుగు కాదు, మంచి నీళ్లు, అడుగున గులకరాయి కనబడేంత తేటగా. ఇళ్ల చూరులకి వరసగా బకెట్లు వేలాడుతున్నాయి. అగ్గి భయం మరి. 1652లో పెద్ద అగ్నిప్రమాదం జరిగాక కోట ప్రభువు ఊరు మళ్లీ కట్టిస్తూ ఈ కాలవలు తవ్వించాడట. 1919లో మళ్లీ సగం ఊరు తగలబడింది. బకెట్లు అందుకే ఇంకా దిగలేదు.

మేం దిగింది ఒక కుటుంబం తమ ఇంట్లోనే నడిపే, మిన్షుకు అనే చిన్న బసలో. నెల ముందే మెయిల్ రాశాను: మాంసం, చేప, గుడ్డు, చేపతో కాచిన దాషి వద్దు అని. దాషి గురించి విడిగా చెప్పాలి. 'కూరగాయలు మాత్రమే' అంటే ముక్కలు కూరగాయలే వేస్తారు, అవి ఉడికే నీళ్లు ఎండుచేప నీళ్లు. ఈ ముక్క తెలియక మొదటి ఏడాది నేనెన్ని గిన్నెలు తాగేశానో అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. వాళ్ల జవాబు రెండు రోజులకొచ్చింది. రాత్రి భోజనం మా వల్ల కాదు, పొద్దున్న ఫలహారం మాత్రం చేయగలం అని. అన్నిటికీ తలూపి చివర్లో చేతులెత్తేసేవాళ్ల కంటే ఇది నయం. అందుకే పొద్దున్నే పులిహోర కలుపుకుని బయల్దేరాం.

మరునాటి ఫలహారం మాత్రం మర్చిపోలేను. పొగలు కక్కే అన్నం, చల్లటి టోఫు, దోసకాయ పచ్చడి, ఉమెబోషి అనే పుల్లటి కాయ ఊరగాయ, కొంబు అనే సముద్రపు నాచుతో కాచిన మిసో సూపు. అమ్మ సంచిలోంచి కందిపొడి సీసా తీసి టోఫు మీద చల్లింది. ఉమెబోషి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుని, "ఎండబెట్టి ఊరేశారు, ఉప్పు కాస్త ఎక్కువైంది" అని తీర్పిచ్చింది. నత్తో (పులియబెట్టిన సోయా గింజలు) గిన్నెని మాత్రం వాసన చూసి నా వైపు తోసేసింది.

మొదటి రోజు మధ్యాహ్నం సోగిసుయి దగ్గరికి వెళ్లాం. కొండ అడుగున పుట్టే ఊట. 1471లో ఇక్కడి ప్రభువు దగ్గర ప్రాచీన కవిత్వ రహస్యాలు నేర్చుకోవడానికి వచ్చిన సోగి అనే కవి పేరు మీద పిలుస్తారు. 1985లో జపాన్ ప్రభుత్వం వంద మేలైన నీటి చోట్లు ఎంపిక చేసినప్పుడు మొదటగా ఎక్కింది ఇదే. నీళ్లు ఒక రాతి తొట్టిలోంచి పక్క తొట్టిలోకి, దాన్నుంచి ఇంకో దాంట్లోకి మెట్లుగా పారుతున్నాయి. వివరాలు రాసిన పలక ఉంది. నేను ఫోను పెట్టి దాన్ని అనువాదం చేయిస్తూ, ఎండకి తాళలేక రెండో చెయ్యి దగ్గర్లో ఉన్న తొట్టిలో ముంచాను.

"పై తొట్టిలో చెయ్యి పెడతావేంటే! తాగే నీళ్లవి!"

అమ్మ కేక. ఫోనులో అనువాదం అప్పుడే తేలింది: పైది తాగడానికి, తర్వాతి వాటిలో బియ్యం, కూరగాయలు, ఆ కిందది గిన్నెలకి. నేను చెయ్యి లాక్కున్నాను. "నీకెలా తెలుసమ్మా?" అంటే, "తెలియడానికేముంది? కాలవలో ఎగువన బిందె ముంచుతాం, దిగువన బట్టలుతుకుతాం. మీ అమ్మమ్మ చూసుంటే ఈ తొట్టికి నీ వల్ల మైల అనేది" అంది. ఇళ్ల ముందు కూడా ఇలాంటి తొట్లే ఉన్నాయి, మిజుబునే అంటారు. గిన్నెలు కడిగిన నీళ్లలోని మెతుకులు కింద గుంటలో చేపలు తింటాయి, మిగిలిన నీళ్లు కాలవలోకి, అక్కణ్నుంచి నదిలోకి. ఇగావా సందులో కాలవ నిండా బారెడు కార్ప్ చేపలు. అక్కడ చాకిరేవు లాంటి చోట ఒకావిడ బట్టలు జాడిస్తోంది. చూసి చూసి అమ్మ తన జేబురుమాలు పట్టుకెళ్లి ఆవిడకి దిగువన కూర్చుంది. ఆవిడ జరిగి చోటిచ్చింది. పావుగంటసేపు ఇద్దరూ చెరో భాషలో ఏదో మాట్లాడుకున్నారు. అనువాదానికి నన్ను పిలవనేలేదు.

సాయంత్రం నదిలోకి దిగే రాళ్ల మీద కూర్చుని పులిహోర తిన్నాం. ఐదింటికే చాలా దుకాణాలు మూసేశారు. ఎదురుగా షిన్‌బషి వంతెన, నీటికి పన్నెండు మీటర్ల ఎత్తు. పిల్లలు పిట్టగోడెక్కి దూకేస్తున్నారు. "ఎవరూ అరవరేంటే వాళ్లని?" అని అమ్మ. బయటివాళ్లు దూకొద్దని హెచ్చరించే బోర్డు ఉంది. ఈ ఊరి పిల్లలు ముందు చిన్న బండల మీంచి, తర్వాత పెద్ద బండల మీంచి నేర్చుకుని చివరికి వంతెనెక్కుతారు. ఒకడు ఎక్కి, చూసి, దిగిపోయాడు. మళ్లీ ఎక్కాడు. అమ్మ పులిహోర ముద్ద చేతిలోనే ఉంచుకుని వాడు దూకేదాకా తినలేదు.

ఇక రాత్రి. గుజో ఒదోరి, అంటే ఈ ఊరి నాట్యం, జులై నడిమి నుంచి సెప్టెంబరు మొదటి రోజుల దాకా ముప్పై రాత్రులకు పైగా, ఒక్కో రాత్రి ఒక్కో వీధిలో జరుగుతుంది. ఆగస్టు 13 నుంచి 16 దాకా, పితృదేవతల పండగ ఒబోన్‌కి, తెల్లవార్లూ ఆడతారు. ఆ నాలుగు రోజులూ గది దొరకడం కష్టం. మేం వెళ్లింది నెలాఖరులో, అదే మంచిదైంది. 2022లో యునెస్కో జాబితాలో ఎక్కిన నృత్యాల్లో ఇదొకటి. అంతమాత్రాన వేదిక, కుర్చీలు ఉంటాయనుకోకండి. వీధి మధ్యలో చెక్క మండపం, అందులో పాడేవాళ్లు, వాయించేవాళ్లు. దాని చుట్టూ వలయం. నిలబడి చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా రెండో పాటకల్లా వలయంలో ఉంటారు. యుకాతా అనే పల్చటి నూలు కిమోనో కట్టుకోవాలన్న నియమం లేదు. మొత్తం పది ఆటలు. హరుకొమా అనే గుర్రం ఆటలో కళ్లెం లాగుతున్నట్టు చేతులు ఊపుతూ చెక్క చెప్పులు నేలకేసి కొడుతుంటే ఆ టకటకలు మన అరికాళ్లలోంచి పైకొస్తాయి.

ఈ వలయం చూస్తుంటే నాకు ఇక్కడి రైతుల కథ గుర్తొచ్చింది. 1754లో పన్నులు పెంచిన ప్రభువు మీద గుజో రైతులు తిరగబడ్డారు. ఎవరు నాయకుడో తెలియకుండా ఒప్పంద పత్రం మీద సంతకాలు గొడుగు ఊచల్లా గుండ్రంగా పెట్టుకున్నారు. నాలుగేళ్లు పోరాడారు. 1758లో దేశాన్నేలే సైన్యాధిపతి షోగున్ ప్రభుత్వం ఆ ప్రభువు పదవి పీకేసింది, రైతు నాయకుల తలలూ తీయించింది. ఆట అంతకంటే పాతదంటారు, రెండింటికీ నేను ముడిపెట్టడం లేదు. అయినా మొదలూ చివరా లేని ఆ గుండ్రం చూస్తే గుర్తురాకుండా ఉండదు.

అమ్మ నేత చీరలో ఒక పక్కన నిలబడింది. "మోకాళ్లు" అంది, నేనేం అడక్కముందే. కవసాకి పాట మొదలైంది, నెమ్మదిది. వలయంలోంచి ఒక ముసలావిడ చెయ్యి చాపింది. అమ్మ చెంగు నడుముకి దోపుకుని వెళ్లింది. రెండు చేతులూ పైకెత్తి చంద్రుణ్ని చూసినట్టు ఒక అడుగు, వెనక్కొక అడుగు, ఒక చప్పట్లు. మూడో చుట్టుకి అమ్మకి వచ్చేసింది. నాకు చివరిదాకా చప్పట్లు తప్పుతూనే ఉన్నాయి. ఆఖరి పాట మత్సుసాకకి వాయిద్యాలు ఆగిపోయి, గొంతులూ చెక్క తాళాలూ మాత్రమే మిగిలాయి. అమ్మ అప్పటికీ తిరుగుతూనే ఉంది.

రెండో రోజు మైనం వంటల కార్యశాలకి వెళ్లాం. హోటళ్ల అద్దాల వెనక పెట్టే నకిలీ వంటకాల వ్యాపారాన్ని నిలబెట్టిన ఇవసాకి తకిజో పుట్టింది ఈ ఊళ్లోనే, 1895లో. పసుపు మైనాన్ని గోరువెచ్చటి నీళ్లలో ధారగా పోసి, అది తేలగానే రొయ్య బొమ్మ చుట్టూ చుట్టెయ్యాలి. అచ్చం అప్పుడే నూనెలోంచి తీసినట్టుంది. "పిండి పల్చనైంది" అని అమ్మ రెండోది మళ్లీ చేసింది. ఆ రొయ్య ఇప్పుడు కొవ్వూరులో ఫ్రిజ్ మీద ఉంది. చూసినవాళ్లందరికీ ఒకటే సమాధానం: "నేను చేసిందే, నేను తినలేదు."

మూడో రోజు తెల్లవారుజామున స్టేషనుకొచ్చాం. టికెట్ కౌంటరు ఇంకా తెరవలేదు. నేను పర్సు తీస్తుంటే అమ్మ ఆపింది. బండి రాగానే తనే ముందెక్కి, యంత్రంలోంచి రెండు కాగితాలు లాగి, ఒకటి నాకిచ్చింది. దారంతా ఇద్దరం నదినే చూశాం. మినో ఓతాలో డ్రైవరు పక్కన నిలబడి కొంగు ముడి విప్పింది. రెండు రోజులుగా నేను కొన్న ప్రతిదానికీ వచ్చిన చిల్లర, ఇద్దరి ఛార్జీకీ సరిగ్గా లెక్కపెట్టి ఉంది. పెట్టెలో గలగలా పోసింది. డ్రైవరు టోపీ అంచు ముట్టుకుని తల వంచాడు. అమ్మ కూడా వంచింది.