నెల తేలాకే తోట: నంది కొండల వైపు వైనరీ ప్రయాణం, నా అనుభవం

బెంగళూరు చుట్టుపక్కల వైనరీ, అంటే ద్రాక్షతో వైన్ తయారుచేసే చోటు, చూడాలనుకునేవాళ్లు ముందు నెల తేల్చుకోవాలి. ఏ వైనరీ, ఏ కారు, ఎంతమంది అన్నవి తర్వాత. మా ఆఫీసులో అందరూ జులై, ఆగస్టు అన్నారు, చల్లగా పచ్చగా ఉంటుందని. పచ్చగా ఉండే మాట నిజమే. కానీ అప్పుడు తీగకు కోతకొచ్చిన గుత్తులు ఉండవు, ట్యాంకుల్లో కొత్తగా పులిసే రసం ఉండదు. ఖాళీ యంత్రాల పక్కన నిలబడి, జనవరిలో ఇక్కడ ఏం జరుగుతుందో చెప్తే విని రావాలి.

చలిదేశాల్లో ద్రాక్ష తీగ శీతాకాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది. మన దగ్గర అంత చలి లేదు కాబట్టి దానికి నిద్ర లేదు, ఏడాది పొడుగునా చిగురు వేస్తూనే ఉంటుంది. దాన్ని దారిలో పెట్టడానికి ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, సెప్టెంబరు, అక్టోబరుల్లో మరోసారి కత్తిరిస్తారు. మొదటిది కొమ్మ కోసం, రెండోది కాయ కోసం. ఆ కాయ జనవరి నుంచి మార్చి దాకా కోతకొస్తుంది. వేడి ప్రాంతాల్లో తీపి తొందరగా ఎక్కి పులుపు పడిపోవడం పెద్ద సమస్య. నంది కొండల కింద పొలాలు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాయి, ఆ నెలల్లో రాత్రిళ్లు చల్లగా ఉంటాయి. అందుకే అక్కడ ఈ పంట నిలబడింది. నేను ఫిబ్రవరి ఖాయం చేశాను.

నెల అయ్యాక దిక్కు. బెంగళూరు నుంచి చూస్తే వైన్ మూడు వైపులా ఉంది. ఉత్తరాన దొడ్డబళ్లాపుర వైపు నంది లోయ. ఫ్రెంచి ద్రాక్ష రకాలు ఇక్కడ పండుతాయని పట్టుబట్టి కన్వల్ గ్రోవర్ 1988లో గ్రోవర్ వైన్‌యార్డ్స్ మొదలుపెట్టింది అక్కడే. ఇప్పుడది గ్రోవర్ జంపా. మైసూరు రోడ్డులో చన్నపట్న దగ్గర సులా అనే వైన్ కంపెనీ వాళ్లది ఉంది. దూరంగా హంపి కొండల దగ్గర క్రస్మా ఎస్టేట్ ఉంది. అది మన హైదరాబాదు దంపతులు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ గార్లది, ఆ సంగతి తెలిశాక మా ఆయనకు అక్కడికే వెళ్లాలనిపించింది. హంపి అంటే ఒక రాత్రి బస, రెండు రోజుల సెలవు. చన్నపట్న, దొడ్డబళ్లాపుర ఒకే రోజు చుట్టేద్దామన్నాడు మా ఆఫీసు అబ్బాయి ఒకడు. మధ్యలో బెంగళూరు ఉంది నాయనా అన్నాను. మారతహళ్లి నుంచి హెబ్బాళ దాటడానికే సగం ఓపిక పోతుంది.

దొడ్డబళ్లాపురకు ఓటు పడటానికి అసలు కారణం మా అమ్మానాన్న. వాళ్లది హిందూపురం పక్క పల్లె. గౌరిబిదనూరు మీదుగా బస్సెక్కితే దొడ్డబళ్లాపురలో దిగొచ్చు, బెంగళూరులోకి రానక్కర్లేదు. వైన్ అనగానే నాన్న "తాగేదానికి అంత దూరం పోవాల్నా? వీధి చివర అంగడి లేదా?" అన్నాడు. ద్రాక్షతోట చూడొచ్చంటే మాత్రం బస్సు టైములు అడిగాడు. ఆయన ముప్పై ఏళ్లుగా మల్బరీ పెంచి పట్టుపురుగులు మేపుతున్న మనిషి. అమ్మ మాత్రం "నేను కారులోనే కూచుంటా, నన్ను లోపలికి పిలవద్దండి" అని ముందే షరతు పెట్టింది.

తేదీ పెట్టుకునేటప్పుడు క్యాలెండరు పక్కన పెట్టుకోండి. జనవరి 26, అక్టోబరు 2 లాంటి డ్రై డేల్లో, అంటే మద్యం అమ్మకూడని రోజుల్లో, గ్లాసు దొరకదు. ఎన్నికలుంటే పోలింగ్ ముగిసే వేళకు ముందు 48 గంటలూ అంతే. ఆదివారం తెల్లవారుజామున నంది కొండకు సూర్యోదయం చూడటానికి వెళ్లే బండ్ల వరస ఒకటి ఉంటుంది, అది కూడా లెక్కలో వేసుకోవాలి. మేము శనివారం పెట్టుకున్నాం. ఆ వైపున్న ఒక వైనరీకి ఫోన్ చేసి కోత జరుగుతోందా, తోటలోకి నడవనిస్తారా, తాగనివాళ్లకు టికెట్టు వేరా అని అడిగాను. ఈ మూడూ అడక్కుండా ఆన్‌లైన్‌లో డబ్బు కట్టొద్దు.

కారు దగ్గర ఇంట్లో చిన్న గొడవ. మా ఆయన "నేను కొంచెమే తాగుతా, నేనే నడుపుతా" అన్నాడు. టేస్టింగ్ అంటే ఒక్కో గ్లాసులో రెండు మూడు గుక్కలే, కానీ గ్లాసులు ఐదారు. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, మొదటిసారికే పదివేల జరిమానా, జైలు కూడా ఉండొచ్చు. పైగా అత్తమామలు వెనక సీట్లో. డ్రైవరుతో సహా కారు మాట్లాడాం. ముందు రోజు రాత్రి ఆ ట్రావెల్స్ అతను ఫోన్ చేసి వీకెండ్ రేటు వేరన్నాడు, టెన్షన్ పెట్టాడు. తెలిసిన ఇంకో డ్రైవర్ అన్న దొరికాడు కాబట్టి సరిపోయింది.

యలహంకలో కడుపునిండా తట్టె ఇడ్లీ తిని వెళ్లాం. ఖాళీ కడుపుతో టేస్టింగ్‌కు వెళ్లకూడదు. దొడ్డబళ్లాపుర బస్టాండులో అమ్మానాన్నలను ఎక్కించుకున్నాం.

తోటలో గంటసేపు అనుకున్నది నాన్న పుణ్యమా అని రెండు గంటలైంది. గైడు కుర్రాడు కన్నడ, తెలుగు కలిపి మాట్లాడాడు. ఆ చుట్టుపక్కల అది మామూలే. తీగలను పందిరి మీదికి పాకనివ్వకుండా ఇనుపతీగె కంచెల వెంట నిలువుగా ఎందుకు కట్టారు, చెట్టుకు ఎన్ని గుత్తులు ఉంచుతారు, డ్రిప్పు ఎప్పుడు ఆపుతారు, అన్నీ అడిగాడు నాన్న. కోతకు ముందు నీళ్లు తగ్గిస్తామని, గుత్తులు తక్కువుంటేనే రుచి చిక్కబడుతుందని ఆ అబ్బాయి చెప్పాడు. "దిగుబడి తగ్గించుకునే వ్యవసాయం ఇదే చూడటం" అని నాన్న ఆశ్చర్యపోయాడు. రెండో కత్తిరింపు తర్వాత వానలు పడితే బూజు తెగులు వస్తుందంటే, "బోర్డో మిశ్రమం కొట్టరా?" అన్నాడు వెంటనే. మైలుతుత్తం, సున్నం కలిపే ఆ మందు 1880ల్లో ఫ్రాన్సులో బోర్డో ద్రాక్షతోటల్లో ఇదే తెగులుకు పుట్టిందని నేను చెప్తే, "మాకైతే అది కొట్టే రాత లేదు, ఆకు తిన్న పురుగు చస్తుంది" అన్నాడు. తర్వాత ఒక కాయ నోట్లో వేసుకుని గింజలు లెక్కపెట్టాడు. వైన్ ద్రాక్ష చిన్నగా, తోలు మందంగా, గింజలతో ఉంటుంది. ఎర్ర వైన్‌కు రంగూ వగరూ ఆ తోలూ గింజల నుంచే వస్తాయి. తెల్ల వైన్‌కైతే ముందే రసం పిండి తోలు తీసేస్తారు.

అమ్మ కారులో పది నిమిషాలే కూర్చుంది. ఎండకు తట్టుకోలేక లోపలికొచ్చి, చల్లటి ట్యాంకుల గదిలో కుర్చీ వేయించుకుంది. తెల్ల వైన్ పులిసేటప్పుడు వేడెక్కకుండా ట్యాంకులను చల్లబరుస్తారు కాబట్టి, వేడి ప్రాంతపు వైనరీలో అంతకు మించిన విశ్రాంతి గది లేదు.

టేస్టింగ్ తెల్లవాటితో మొదలై ఎర్రవాటితో ముగుస్తుంది. వద్దనుకుంటే ఉమ్మడానికి ఒక పాత్ర పెడతారు. నాన్న అది చూసి "ఉమ్మేదానికి దుడ్డు కట్టినామా?" అన్నాడు. ఆయనకు తెల్లవాటిలో షెనిన్ బ్లాంక్ కొంచెం నచ్చింది, ఎర్రవాటిలో షిరాజ్ కషాయమన్నాడు. మా ఆయన గుంటూరు నాలుకతో కారం పకోడీ తింటూ కాబెర్నే అనే ఇంకో ఎర్ర వైన్ తాగి ఇదేంటి మండుతోందన్నాడు. కారానికి వగరు ఎర్ర వైన్ తోడైతే మంట పెరుగుతుంది, కాస్త తీపి ఉన్న తెల్లది నయం. ఎర్ర వైన్‌ను గది వేడిలో తాగాలనే మాట కూడా మనకు పనికిరాదు. మన గది 30 డిగ్రీలు. ఫ్రిజ్‌లో అరగంట పెట్టి తీయండి.

సీసాలు మాత్రం బయల్దేరే ముందు కొన్నాం, భోజనమయ్యాక. ఎండలో ఆపిన కారు డిక్కీలో వైన్ ఉడికిపోతుంది. ఇంటి నుంచి థర్మోకోల్ పెట్టె పట్టుకెళ్లాను. అమ్మానాన్నలకు సీసా ఇవ్వలేదు. రాష్ట్రం దాటించే సీసాలకు ఎక్సైజ్ లెక్కలుంటాయి, బస్సులో వాళ్లకెందుకా తలనొప్పి.

నాన్నకిప్పుడు ఏప్రిల్ కత్తిరింపు చూడాలనుంది. మళ్లీ ఫోన్ చేశాను. కత్తిరింపు పొద్దున్నే మొదలై ఎండెక్కేలోపు ఆగిపోతుందట, టూర్లు మాత్రం పదకొండుకు. ముందు రాత్రి మా ఇంట్లో పడుకుని ఆరింటికే బయల్దేరదామంటున్నాడు. తోట మేనేజరును అడిగి చెప్తామన్నారు, ఇంకా చెప్పలేదు.