చెక్ ఇంజిన్ లైటు, ఆక్సిజన్ సెన్సార్: నా అనుభవం

మాది 2014 మోడల్ పెట్రోల్ కారు. ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి రోజూ తిరుగుతుంది. కొంతకాలంగా మైలేజీ పడిపోయింది. సిగ్నల్ దగ్గర ఆగితే పెట్రోల్ వాసన, సైలెన్సర్ మూతిలో వేలు పెడితే నల్లటి మసి. ఆ తర్వాత చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు కూడా దగ్గర పడటంతో బంకు పక్కన ఉండే వ్యాన్‌లో చూపిస్తే, ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజిన్ నడుస్తున్నప్పుడు, పొగలో కార్బన్ మోనాక్సైడ్ 0.8 శాతం వచ్చింది. మాది బీఎస్4 అనే కాలుష్య ప్రమాణం కింద వచ్చిన బండి, అలాంటి పెట్రోల్ కారుకు 0.3 దాటకూడదు. సర్టిఫికెట్ ఇవ్వలేదు.

ఒక గ్యారేజీకి తీసుకెళ్తే బానెట్ ఎత్తి చూసి, "క్యాటలిటిక్ కన్వర్టర్ పోయిందన్నా, మార్చాల్సిందే" అన్నారు. పొగలోని విషవాయువులను తగ్గించే భాగం అది. ధర వినేసరికి టెన్షన్ పట్టుకుంది. స్కానర్ పెట్టలేదు, మీటర్ పెట్టలేదు. పాత బండి కనపడగానే అన్నిటికంటే ఖరీదైన పార్టు పేరు చెప్పడం అన్యాయం అనిపించింది. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి బండిలోని లోపాల కోడ్‌లు చదివే ఒక బ్లూటూత్ స్కానర్, కరెంటు కొలిచే ఒక మల్టీమీటర్ తెచ్చుకున్నాను.

స్కానర్‌లో పీ0135 అనే కోడ్ వచ్చింది. కన్వర్టర్‌కు ముందుండే ఆక్సిజన్ సెన్సార్ హీటర్ సర్క్యూట్‌లో లోపం ఉందని దానర్థం. ఈ సెన్సార్ సరిగ్గా పనిచేయాలంటే దాని కొన దాదాపు 300 డిగ్రీలు దాటి వేడెక్కాలి. బండి స్టార్ట్ చేయగానే ఆ వేడిని ఇచ్చేది లోపలున్న చిన్న హీటర్. అది లేకపోతే ఈసీయూకి, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌కి, పొగలో ఆక్సిజన్ ఎంతుందో తెలియదు. గాలి, పెట్రోల్‌ను 14.7కి 1 పాళ్లలో ఉంచలేక అంచనా మీద నడిపిస్తుంది, పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. అది అలాగే సాగితే బాగున్న కన్వర్టర్ కూడా వేడికి పాడవుతుంది.

స్కానర్‌లో లైవ్ డేటా, అంటే బండి నడుస్తుండగా వచ్చే రీడింగులు, చూస్తుంటే విషయం కళ్లకు కట్టింది. రింగ్ రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు సెన్సార్ వోల్టేజీ 0.1కి, 0.9కి మధ్య ఎగిరిపడుతోంది. హబ్సిగూడ సిగ్నల్లో కాసేపు ఆగితే చాలు, మెల్లగా 0.45 దగ్గరికి వచ్చి గీత గీసినట్టు నిలిచిపోతోంది. పొగ వేడి ఉన్నంతసేపే సెన్సార్‌కు ప్రాణం ఉంటోంది.

అయినా వెంటనే సెన్సార్ కొనలేదు. కోడ్ చెప్పింది సర్క్యూట్ గురించి. ఫ్యూజు పోయినా, వైరు తెగినా, కనెక్టర్‌లో తుప్పు పట్టినా అదే కోడ్ రావచ్చు. ఫ్యూజు చూశాను, బాగుంది. కనెక్టర్ ఊడదీసి ఇగ్నిషన్ ఆన్ చేస్తే బండి వైపు 12 వోల్టులు వస్తున్నాయి. ఇక సెన్సార్ వైపు. నాలుగు వైర్లలో ఒకే రంగువి రెండు హీటర్‌వి, మా బండిలో అవి తెల్లవి. వాటి మధ్య ఓమ్స్ కొలిస్తే మామూలుగా కొద్ది ఓమ్స్ చూపించాలి. మీటర్ కదల్లేదు. హీటర్ లోపలే తెగిపోయింది. ఆ నిమిషంలో ఎంత నిశ్చింతగా అనిపించిందో చెప్పలేను.

సెన్సార్ కోసం రాణిగంజ్ వెళ్లాను. ఒక షాపులో యూనివర్సల్ సెన్సార్ చూపించి, "వైర్లు కట్ చేసి జాయింట్ కొట్టుకో అన్నా, సగం ధరకే వస్తది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పొగ దగ్గర వేడికి, వానకు ఆ జాయింట్లు నిలవవు. పాత సెన్సార్ మీదున్న నంబరు ఫోటో చూపించి, కనెక్టర్‌తో సహా వచ్చేదే తీసుకున్నాను. మూడు వేల చిల్లర అయింది.

విప్పడమే అసలు కష్టం. రాత్రి మరల దగ్గర తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి వదిలేశాను. పొద్దున ఇంజిన్ కాసేపు నడిపి, చెయ్యి కాలనంత వేడి ఉన్నప్పుడు, వైరు పోయేలా పక్కన చీలిక ఉన్న 22 ఎంఎం సాకెట్ వేశాను. మొదట కదల్లేదు, తర్వాత కీచుమంటూ తిరిగింది. పాతదాని కొన పూర్తిగా నల్లబడి ఉంది. కొత్తదాని మరలకు కంపెనీయే గ్రీజు లాంటి పేస్ట్ పూసి ఇచ్చింది. అది గానీ, వేలు గానీ కొనకు తగలకూడదు. ముందు చేత్తో బిగించి, ఆఖర్న పానా వేశాను.

కోడ్ క్లియర్ చేసి స్టార్ట్ చేస్తే, బండి నిలబడే ఉన్నా కాసేపట్లోనే గ్రాఫ్ పైకీ కిందికీ ఆడటం మొదలుపెట్టింది. కొన్నాళ్లు నడిపి పెండింగ్ కోడ్‌లు (లైటు వెలగకముందే నమోదయ్యేవి) కూడా చూశాను, ఏమీ లేవు. పెట్రోల్ వాసన పోయింది. అదే వ్యాన్‌లో మళ్లీ చెక్ చేయిస్తే కార్బన్ మోనాక్సైడ్ 0.1 శాతం, సర్టిఫికెట్ చేతికిచ్చారు. కన్వర్టర్ పాతదే.