ఉడుతను దొంగ అన్న రోజు

తిరుపతిలో అలిపిరి వైపు వెళ్లే దారిలో, ఒక సందులో మా ఇల్లు. వెనకాల చిన్న పెరడు, అందులో ఒక జామచెట్టు, తులసికోట. సంక్రాంతికి ఊరి నుంచి తెచ్చిన వరికంకుల కుచ్చు ఒకటి పెరట్లో కడతాం. అది అయిపోయాక మట్టి మూకుట్లో కొర్రలు, నూకలు పోసి జామకొమ్మకు వేలాడదీస్తాను. పక్కన నీళ్ల తొట్టి. నాన్న ఉన్నప్పటి నుంచీ ఇది మా ఇంటి అలవాటు.

పెద్దలు దీన్ని భూతయజ్ఞం అన్నారు. గృహస్థు చేయాల్సిన ఐదు మహాయజ్ఞాల్లో ఇదొకటి. హోమగుండం అక్కర్లేదు, నెయ్యి అక్కర్లేదు. ప్రాణులకు ఇంత బలి, అంటే వాటి వంతు ఆహారం, పెడితే ఆ యజ్ఞం పూర్తయినట్టేనని తైత్తిరీయ ఆరణ్యకం చెబుతుంది.

ఈ ఏడాది నా యజ్ఞానికి ఉడుత అడ్డం వచ్చింది. వెనక కాళ్లతో తాడు పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ మూకుడు గెలికేది. తినేది కొంత, కింద పారబోసేది చాలా. పిచ్చుకలు గోడ మీద వరసగా కూర్చుని అరుస్తూ ఉండేవి. తాడు తీసేసి ఇనుప తీగ కట్టాను, దాని మీదా వచ్చింది. గింజలు పోసే ప్లాస్టిక్ డబ్బా ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వారంలో అంచు కొరికేసింది. చివరికి తీగకు గ్రీజు పూస్తే జారిపోతుందని ఎవరో చెబితే, ఆలోచించకుండా పూసేశాను.

మర్నాడు పొద్దున ఉడుత గోడ మీద కూర్చుని ఉంది. పొట్ట కింద తెల్లటి బొచ్చు నల్లగా ముద్ద కట్టింది. రెండు చేతులతో దాన్ని దువ్వుకుంటోంది, నాకుతోంది, మళ్లీ దువ్వుకుంటోంది. నేను దగ్గరికి వెళ్లినా పారిపోలేదు. గ్రీజు నాకితే కడుపులోకి పోతుంది. పిచ్చుక రెక్కకు అంటుకుంటే అది సరిగా ఎగరలేకపోతుంది. ఇవి నాకు అప్పుడు తోచాయి, ముందు తోచలేదు.

అమ్మ వచ్చి చూసింది. "ఏం పూసినావు నాయనా దానికి?"

"గ్రీజమ్మా. దొంగ ఉడత, పిచ్చుకల గింజలన్నీ అదే తినేస్తా ఉంది."

"దొంగా? అది తిన్నది దాని కడుపు వరకే గదా. యాడన్నా మూట గట్టి అమ్ముకునిందా?"

ఆ మాట రోజంతా నన్ను వదల్లేదు. సాయంత్రం భాగవతం సప్తమ స్కంధం తీశాను. పద్నాలుగో అధ్యాయంలో నారదుడు ధర్మరాజుకు గృహస్థ ధర్మం చెబుతాడు. అక్కడ ఈ శ్లోకం ఉంది:

మృగోష్ట్రఖరమర్కాఖుసరీసృప్ఖగమక్షికాః
ఆత్మనః పుత్రవత్ పశ్యేత్ తైరేషామంతరం కియత్

జింక, ఒంటె, గాడిద, కోతి, ఎలుక, పాము, పక్షి, ఈగ. వీటిని కన్నబిడ్డల్లా చూడు, ఆ బిడ్డలకూ వీటికీ తేడా ఎంతని అంటాడు నారదుడు. ఈ వరస ఒకసారి నెమ్మదిగా చదవండి. ఇందులో ఆవు లేదు, నెమలి లేదు. చేలో పడేవి, ఇంట్లో దూరేవి, మనం కర్ర పట్టుకుని తరిమేవే ఎక్కువ. అలిపిరి మెట్లెక్కేటప్పుడు చేతిలోని సంచి లాక్కునే కోతి కూడా ఉంది. నేను గింజలు పోసే పక్షి, ఉడుతకు చుట్టమైన ఎలుక ఒకే సమాసంలో ఉన్నాయి. నారదుడు వాటికి వేరే పంక్తి వేయలేదు.

దానికి సరిగ్గా పై శ్లోకం నన్ను ఇంకా గట్టిగా పట్టుకుంది. కడుపు నిండేంత వరకే మనిషికి హక్కు, అంతకు మించి నాదనుకున్నవాడు "స స్తేనో దండమర్హతి", వాడు దొంగ, శిక్షకు తగినవాడు. దొంగ అన్న మాటకు ఇక్కడ అర్థం చెప్పి, ఆ వెంటనే ఎలుకనూ కోతినీ బిడ్డలన్నాడు. మా స్టోర్‌రూమ్‌లో అప్పటికి రెండు బస్తాల బియ్యం ఉన్నాయి. అమ్మ ఈ శ్లోకం చదవలేదు.

ఉడుత అనగానే అందరం వారధి కథ, వీపు మీద రాముడి వేళ్ల గుర్తులు చెప్పుకుంటాం. నాకు అంతకంటే దగ్గరగా తోచేది తమిళ వైష్ణవ భక్తకవి తొండరడిప్పొడి ఆళ్వార్ (మనం విప్రనారాయణ అంటాం) మాట. ఆయన తిరుమాలై (ఇది మన తిరుమల కాదు, శ్రీరంగనాథుడికి కట్టిన పాశురాల మాల) ఇరవై ఏడో పాశురంలో, కోతులు కొండలు తోస్తుంటే నీళ్లలో మునిగి, దొర్లి, పరుగెత్తి సముద్రానికి అడ్డం వేయబోయిన ఉడుతను తలుచుకుని, నేను దానిపాటి కూడా కానని కుమిలిపోతాడు. ఆ ఉడుతను ఆయన "శలమిలా అణిల్" అన్నాడు. శలమంటే మన ఛలమే. కపటం లేని ఉడుత. నేను దొంగ అన్నది దాన్నే.

అలాగని మూకుడు మొత్తం ఉడుతకు వదిలేయాలని నేను అనుకోను. ఇద్దరు బిడ్డలున్న ఇంట్లో పెద్దోడు చిన్నోడి కంచంలో చెయ్యి పెడితే తల్లి ఆ చెయ్యి పట్టుకుంటుంది, వాత పెట్టదు. వాడి కంచంలో వాడికి పెడుతుంది. గింజలకు కారం కలపమన్నవాళ్లూ ఉన్నారు. మిరప ఘాటు పక్షులకు తెలియదు, అందుకే చిలుక పండు మిరపకాయ హాయిగా తింటుంది, ఉడుతకు మాత్రం మనలాగే మండుతుంది. పని చేసే ఉపాయమే. కానీ బలి అని పెట్టిన దాంట్లో కారం చల్లడానికి నాకు చేతులు రాలేదు.

తీగ విప్పి పారేశాను. జామచెట్టుకూ గోడకూ దాదాపు పది అడుగుల దూరంలో, పెరటి మధ్యలో, నున్నటి ఇనుప పైపు ఒకటి పాతించాను. దాని పైన పిచ్చుకల పళ్లెం. పళ్లేనికి కింద, నేల నుంచి ఐదడుగుల ఎత్తులో, అడుగున చిల్లు పడిన పాత అల్యూమినియం బేసిన్‌ను బోర్లించి పైపుకు బిగించాను. ఎక్కొచ్చిన ఉడుత దాని కిందికి చేరి ఆగిపోతుంది. చెట్టు మీద నుంచి దూకుదామన్నా పళ్లెం అందదు. జామచెట్టు మొదట్లో ఉడుతకు వేరే మూకుడు పెట్టాను. అందులో నాలుగు పచ్చి వేరుశనగలు, పూజలో కొట్టిన కొబ్బరి ముక్క. మిగిలినవి చీకటి పడేలోగా తీసేస్తాను, లేదంటే ఎలుకలు మరుగుతాయి.

గ్రీజు ఉడుత నాలుగు రోజులు కనిపించలేదు. ఐదో రోజు వచ్చింది, పొట్ట కింద బొచ్చు ఒకచోట ఊడి ఉంది. పైపు ఎక్కి, బేసిన్ కింద కాసేపు తల అటూ ఇటూ తిప్పి, దిగి మూకుడు దగ్గరికి నడిచింది. ఇప్పుడు పొద్దున నైవేద్యం అయ్యాక కొబ్బరి చిప్ప చేతిలో పట్టుకుని అమ్మ నన్నే అడుగుతుంది: "మీ పెద్దోడికి ఈ పొద్దు ఎంత ముక్క పెట్టేది?"